విజయవాడలో అద్దె ఇల్లు దొరికే దాకా: ఈ వేసవిలో మా అనుభవం

మావారికి ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ 2025 ఏప్రిల్ రెండో వారంలో వచ్చింది. హైదరాబాద్ నుంచి విజయవాడ, జూన్ మొదట్లో జాయినవ్వాలి. బాబు ఎనిమిదో తరగతిలోకి వస్తున్నాడు, ఆంధ్రాలో బళ్ళు జూన్ 12న తెరుస్తారు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు కాబట్టి లిఫ్టు అయినా ఉండాలి, కింద పోర్షన్ అయినా అయ్యుండాలి. ఇవన్నీ చాలవన్నట్టు ఆవిడ పంచాంగం తీశారు. జూన్ రెండో వారంలో గురు మూఢం మొదలు, అది వదలకముందే జూన్ 26 నుంచి ఆషాఢం. అంటే జూన్ తొలివారం దాటిందా, ఇక శ్రావణం వచ్చే దాకా, జూలై 25 దాకా, కొత్తింట్లో పాలు పొంగించడానికి లేదు. అద్దె కొంపకి మూఢాలేంటమ్మా అన్నారు మావారు, కానీ ఆవిడకి వినపడేంత గట్టిగా అనలేదు.

మొదట్లో అందరిలాగే ఫోన్లో వెతికాం. హైదరాబాదులో ఇల్లు దొరకాలంటే యాప్‌లే దిక్కు కదా, ఇక్కడా అంతే అనుకున్నాం. విజయవాడ అని కొడితే వచ్చేవి తక్కువ, వచ్చినవాటిలో సగం ఎప్పుడో అద్దెకిచ్చేసినవి, మిగిలిన సగం బ్రోకర్లు పెట్టినవి. ఒకాయన మొగల్రాజపురంలో మూడు బెడ్రూముల ఫ్లాటు 14 వేలే అన్నాడు, ఫోటోలు చూస్తే పాలరాయి మెరిసిపోతోంది. చూడటానికి ఎప్పుడు రమ్మంటారు అంటే, నేను సైన్యంలో ఉంటానండీ, గేటు పాస్ కోసం ముందు 5 వేలు క్యూఆర్ కోడ్‌కి కొట్టండి, ఇల్లు నచ్చకపోతే వెనక్కి వేస్తాను అన్నాడు. అద్దె ఇంటికి గేటు పాస్ ఏంటో! ఆ నంబరు బ్లాక్ చేసేసి, ఇక కాళ్ళరిగేలా తిరగాల్సిందేనని తేల్చుకున్నాం.

ఏప్రిల్ 26 శనివారం తెల్లారేసరికి పండిట్ నెహ్రూ బస్టాండులో దిగాం. సత్యనారాయణపురంలో మా పిన్ని వాళ్ళిల్లు ఉంది, ఆ తర్వాత శనివారాలన్నీ మాకు అదే మకాం. పిన్ని కాఫీ ఇస్తూ అడిగిన మొదటి మాట అద్దె ఎంతలో చూస్తున్నారనో ఎన్ని బెడ్రూములనో కాదు. "బుడమేరు నీళ్ళు రాని చోట చూసుకోండే" అంది.

ఊళ్ళో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. 2024 ఆగస్టు 31 రాత్రంతా వాన, సెప్టెంబరు 1 తెల్లవారేసరికి బుడమేరు వాగు పొంగి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట అంతా నీళ్ళు. అవతల ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. కృష్ణలంకని రిటైనింగ్ వాల్ కాపాడింది గానీ, సింగ్‌నగర్ వైపు కాపాడేదేమీ లేకపోయింది. మేమప్పుడు హైదరాబాదులో టీవీలో చూశాం, అంతే. ఇల్లు వెతుక్కునేటప్పుడు ఆ నీళ్ళు ఇంకా ఊళ్ళోనే ఉన్నట్టుంటాయని మాత్రం అనుకోలేదు.

పిన్ని వద్దంటున్నా సింగ్‌నగర్‌లో ఒక ఇల్లు చూశాం, ఎందుకంటే కింద పోర్షన్, మూడు బెడ్రూములు, వెనకాల కొబ్బరి చెట్టు, 11 వేలు. ఇల్లు తళతళలాడుతోంది, కొత్త రంగులు, కొత్త తలుపులు. నాకు వింతగా కనిపించింది స్విచ్ బోర్డులు. టీవీ ప్లగ్గు, ఫ్రిజ్ ప్లగ్గు, మంచం పక్కన ఉండాల్సిన ఫోన్ చార్జింగ్ ప్లగ్గు, అన్నీ నా భుజాలకంటే పైన ఉన్నాయి. కింద పాత బోర్డులున్న చోట సిమెంటుతో పూడ్చిన చతురస్రాలు రంగు వేసినా తెలుస్తూనే ఉన్నాయి. ఇంటాయన నేను చూడటం చూసి, తన ఛాతీ దగ్గర చెయ్యి పెట్టి, "ఇక్కడిదాకా వచ్చాయమ్మా. దాస్తే దాగేది కాదుగా" అన్నారు. ఫ్రిజ్, సోఫా, పిల్లల పుస్తకాలు, కూతురి పెళ్ళి ఆల్బం, అన్నీ పోయాయట. ఇన్ని ఇళ్ళు చూశాం గానీ అంత నిజాయితీగా మాట్లాడిన ఓనరు ఇంకొకరు తగల్లేదు. ఆయన ఇల్లు వద్దని చెప్పడానికే నాకు కష్టమైంది, కానీ మెట్లెక్కలేని పెద్దావిడని కింద పోర్షన్‌లో పెట్టుకుని, వానాకాలమంతా ఏ ధైర్యంతో నిద్రపోవడం?

తర్వాత బ్రోకర్ల దగ్గరికి వెళ్ళాం. పద్ధతి ఏంటంటే, ఇళ్ళు చూపించినందుకు 500 ముందే తీసుకుంటారు, ఇల్లు కుదిరితే ఒక నెల అద్దె, గట్టిగా బేరమాడితే సగం నెల. మాకు దొరికినాయన స్కూటర్ మీద ముందు పోతుంటే మేం ఆటోలో వెనక పోవడం. రెండు బెడ్రూములు, లిఫ్టు, 18 వేల లోపు అని ఒకటికి పదిసార్లు చెప్పాం. ఆయన మొదట చూపించింది గురునానక్ కాలనీలో 28 వేలది, తర్వాత మొగల్రాజపురం కొండ పక్కన లిఫ్టు లేని మూడో అంతస్తు. ఎందుకండీ ఇవి అంటే "చూసుంచుకోండి మేడమ్, ఐడియా వస్తుంది" అన్నారు. ఐడియా వచ్చిన మాట నిజమే. పటమట, బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల లిఫ్టున్న రెండు బెడ్రూములు 16 నుంచి 20 వేలు, బందరు రోడ్డు మీద కానూరు, పోరంకి వైపు పోయేకొద్దీ 12, 14 వేలకి దిగుతుంది, సత్యనారాయణపురంలో పాత ఇళ్ళు ఇంకా తక్కువకీ ఉన్నాయి కానీ లిఫ్టులుండవు. అడ్వాన్స్ రెండు మూడు నెలలది అడుగుతున్నారు. మెయింటెనెన్స్ 1,500 నుంచి 3 వేల దాకా, ఇది మాత్రం అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

మే 3న జరిగింది రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తాను. లబ్బీపేటలో ఒక ఇంటికి టూలెట్ బోర్డు చూసి మేమే గేటు తీసుకుని వెళ్ళాం. ఇల్లు బావుంది, వంటింట్లోకి గాలి వస్తోంది, అద్దె 17 వేలు, ఇంటావిడ మజ్జిగ కూడా ఇచ్చారు. అన్నీ మాట్లాడుకున్నాక "ఇంటిపేరేంటమ్మా" అన్నారు. చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఆ ఇంటిపేరు మనవాళ్ళలోనూ ఉంది, వేరేవాళ్ళలోనూ ఉంది. మీరెవరు?" అన్నారు. మావారు చెప్పారు. ఆవిడ మొహంలో పెద్దగా మార్పేమీ లేదు, మజ్జిగ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళి వచ్చి, "అయ్యో, మా అబ్బాయి ఇంకెవరికో మాటిచ్చాడట, నాకు గుర్తే లేదు" అన్నారు. బయటికొచ్చాక పిన్ని ఏదో సర్దిచెప్పబోయింది, నేను వినే పరిస్థితిలో లేను. ఆ తర్వాత శనివారం అదే వీధిలోంచి వెళ్తే బోర్డు అలాగే వేలాడుతోంది. ఈ ప్రశ్న ఆ ఒక్కావిడే అడగలేదు. కొందరు ఊరు అడిగి, కొందరు మాంసం తింటారా అని అడిగి, కొందరు పెళ్ళి సంబంధం చూడటానికి వచ్చినట్టు మావారి అమ్మగారి పుట్టింటి దాకా వెళ్ళి, అటు తిరిగి ఇటు తిరిగి అక్కడికే వస్తారు. కొత్తగా వెతికేవాళ్ళు దీనికి సిద్ధపడి వెళ్ళండి. మేం చివరికి ఫోన్లోనే అన్నీ ముందే చెప్పేయడం మొదలుపెట్టాం, కనీసం ఆటో డబ్బులు మిగిలాయి.

మే 10న పటమటలో ఒక ఫ్లాటు అందరికీ నచ్చేసింది. తూర్పు వాకిలి, అత్తయ్యగారికి ఫోన్లో వీడియో చూపిస్తే పూజ గది చూసి సరేనన్నారు. ఓనరు అమ్మాయి అమెరికాలో ఉంటుంది, వ్యవహారమంతా ఉయ్యూరు దగ్గర పల్లెలో ఉండే వాళ్ళ నాన్నగారు చూస్తారు. మంచాయన. "మా అమ్మాయి లేచాక ఒక మాట అడిగి చెప్తానండీ" అన్నారు. మనకి సాయంత్రమైతే గానీ వాళ్ళకి తెల్లారదు. ఆ రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చున్నాం. ఆదివారం ఆమెకి సెలవట, సోమవారం మీటింగులట. మా వివరాలు, ఆధార్, మావారి శాలరీ స్లిప్, అన్నీ వాట్సాప్‌లో పంపాం. మంగళవారం సాయంత్రం పెద్దాయన ఫోన్ చేసి, పక్క ఫ్లాటు వాళ్ళ బంధువులెవరో టోకెన్ ఇచ్చేశారండీ, ఏమీ అనుకోకండి అన్నారు. ఆ రోజు ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు. మావారు మాత్రం ఒక సంగతి చెప్పి కాస్త తేలిక పరిచారు: ఓనరు ఎన్నారై అయితే అద్దెలోంచి మనమే 30 శాతం పైచిలుకు టీడీఎస్, అంటే ఆదాయపు పన్ను, ముందే కోసి కట్టాలి, మామూలు ఓనర్లకి ఉన్నట్టు నెలకి 50 వేలు దాటితేనే అన్న మినహాయింపు అక్కడ లేదు. ఆయన్ని అది అడిగితే, "అవన్నీ ఎందుకండీ, నా అకౌంట్లో వేసెయ్యండి" అన్నారట. ఈ ఊళ్ళో అమెరికా ఫ్లాట్లకి లోటు లేదు కాబట్టి ఈ సంగతి తెలుసుకునే వెళ్ళండి.

మే 17న కానూరు వైపు చూశాం. స్కూలు దగ్గర, అద్దె 12,500, పైన ఓనర్లు, కింద మేము. ఓనరు మాటల మధ్యలో "కరెంటు యూనిట్‌కి పది రూపాయలు ఇవ్వండి, సబ్ మీటరుంది" అన్నారు. మావారు అక్కడే ఫోన్ తీసి లెక్కేశారు. ఏపీలో ఇంటి కరెంటు శ్లాబుల వారీగా ఉంటుంది, మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, అలా పెరుగుతూ 400 దాటితే 9.75. మన పేరున విడిగా మీటరుంటే 200 యూనిట్లకి 867 రూపాయలు, దాని మీద ఫిక్స్‌డ్ చార్జీ, సర్దుబాటు చార్జీలు వేరే. సబ్ మీటరైతే అవే 200 యూనిట్లకి 2 వేలు. తప్పంతా ఓనరుదీ కాదు, రెండు ఇళ్ళ వాడకం ఒకే మీటరు మీద పడితే బిల్లు పై శ్లాబుకి పోతుంది. కానీ కట్టేది మనం. విడి మీటరు ఉందా అన్నది అద్దె ఎంత అన్నదానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న అని నాకక్కడ అర్థమైంది.

అదే వీధి మలుపులో ఇస్త్రీ బండి ఉంది. పిన్నికి ఎవరితోనైనా మాట కలపడం అలవాటు. ఫలానా ఇల్లు చూసొచ్చాం బాబూ, ఎలా ఉంటుంది అని అడిగింది. ఆయన పెట్టె ఆపకుండానే, "ఆ ఇంట్లో ఏడాది నిండా ఎవరున్నారమ్మా. మోటారు పొద్దున్న ఓ అరగంట, అంతే. పది దాటితే కుళాయి తిప్పితే గాలే" అన్నాడు. మేం చూడ్డానికి వెళ్ళింది తొమ్మిదింటికి! అప్పుడు కుళాయిలో నీళ్ళు ధారగానే వచ్చాయి, బాత్రూములో పంపుల చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని ఉండటం మాత్రం చూశాను. బోరు నీళ్ళు. ఆ రోజు నుంచి మా పద్ధతి మారింది. ముందు ఇస్త్రీ బండి, పాల బూతు, వాచ్‌మన్, ఆ తర్వాతే ఓనరు. బ్రోకరు చెప్పనివి, ఓనరు దాచేవి వాళ్ళు రెండు నిమిషాల్లో చెప్పేస్తారు, డబ్బులు కూడా అడగరు.

ఇల్లు దొరికింది కూడా అలాగే. మే 24 శనివారం, రోహిణి కార్తె రాబోతోంది, రోళ్ళు పగలాల్సిన రోజులు, కానీ ఈ ఏడాది నైరుతి కేరళని ముందే తాకింది, ఇక్కడా ఆకాశం మబ్బుగా ఉంది. పటమటలో తిరుగుతుంటే వాన దంచికొట్టింది. ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి పరిగెత్తి నిలబడ్డాం. వాచ్‌మన్ భార్య బియ్యంలో రాళ్ళేరుతోంది, కుర్చీ వేసింది. పిన్ని మాట కలిపింది. రెండో అంతస్తులో వాళ్ళు ఈ నెలాఖరుకి ఖాళీ చేస్తున్నారమ్మా, ఇంకా బోర్డు పెట్టలేదు అందామె. వాన తగ్గేదాకా మేం సెల్లార్‌లోనే ఉన్నాం, అదీ మంచికే అయింది. అంత వానకీ సెల్లార్‌లోకి నీళ్ళు రాలేదు, ఎదురు సందులో మాత్రం మోకాలి లోతు నిలిచిపోయాయి. ఆ సందులో ఒక ఇల్లు మా లిస్టులో ఉంది, అక్కడే కొట్టేశాను.

పైకి వెళ్ళి చూశాం. పాత బిల్డింగు, లిఫ్టు చప్పుడు చేస్తుంది కానీ పనిచేస్తుంది, మున్సిపల్ కుళాయి విడిగా ఉంది, కరెంటు మీటరు విడిగా ఉంది. ఉత్తరం వాకిలి. ఖాళీ చేస్తున్న ఆవిడే కూర్చోబెట్టి అన్నీ చెప్పింది: పడమటి గది సాయంత్రం కాలిపోతుంది, దానికి ఏసీ లేకపోతే ఎవరూ పడుకోలేరు, కిచెన్ సింకు నెలకోసారి మూసుకుపోతుంది, ఓనరు మంచివాడే కానీ రిపేరు అంటే వారం తిప్పుతాడు. ఈ మూడూ నిజమేనని ఇప్పుడు చెప్పగలను.

ఓనరు రిటైరైన ఉద్యోగి, ఊళ్ళోనే ఉంటారు. ఇంటిపేరు అడిగారు, నా గుండె ఒక్కసారి ఆగినట్టయింది, తర్వాత "అబ్బాయి ఏ స్కూలు" అన్నారు, అంతే. అద్దె 18 వేలు అంటే 17కి వచ్చారు, మెయింటెనెన్స్ 2 వేలు, అడ్వాన్స్ రెండు నెలలది, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటారు. ఇక్కడ దాదాపు అందరూ అడిగేదే అది, తగ్గించమంటే అడ్వాన్స్ తగ్గిస్తారు గానీ ఇది తగ్గించరు. అమెరికా ఫ్లాటు గుర్తొచ్చి అక్కడికక్కడే 5 వేలు టోకెన్ ఫోన్‌పే చేసేశాం. వాచ్‌మన్ భార్యకి వెయ్యి ఇస్తే చాలాసేపు వద్దంది.

మే 31న అగ్రిమెంట్. అందరూ రాసేటట్టే 11 నెలలకి, 100 రూపాయల స్టాంపు పేపరు మీద, నోటరీతో కలిపి 600 అయింది. ఇక్కడో చిన్న పేచీ. మావారు పాత పద్ధతిలోనే ట్యాక్స్ కడతారు, హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) మినహాయింపుకి ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. ఆయన మొదట అగ్రిమెంట్లో 8 వేలు రాద్దాం, మిగతాది చేతికివ్వండి అన్నారు. కుదరదన్నాం. ఒక పూట ఆలోచించుకుని పాన్ ఇచ్చారు కానీ అద్దె మళ్ళీ 17,500 అయింది. ఆ 500 గురించి మావారు ఇప్పటికీ గొణుగుతుంటారు. కరెంటు బిల్లు మీదున్న సర్వీసు నంబరుతో పాత బకాయి ఉందేమో ఆ రోజే చూసుకున్నాం, 1,340 ఉంది, ఖాళీ చేసేవాళ్ళ చేత కట్టించాకే తాళాలు తీసుకున్నాం.

జూన్ 5 గురువారం, దశమి. అత్తయ్యగారు కారులోంచి దిగి లిఫ్టు దాకా నడిచి, బటన్ తనే నొక్కారు. ఇండక్షన్ స్టవ్ మీద పాలు పొంగిస్తే పొంగించినట్టు కాదన్నారు, మన గ్యాస్ ఏమో హైదరాబాదులో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి ట్రాన్స్‌ఫర్ వోచరు తెచ్చుకున్నాం, ఇక్కడ కొత్త ఏజెన్సీలో ఇచ్చి మళ్ళీ తీసుకోవాలి. పిన్ని వాళ్ళ చిన్న సిలిండరు ఆటోలో తెప్పించాం. మన సిలిండరు జూన్ 11కి గానీ రాలేదు, ఆ మధ్య రోజులన్నీ ఇండక్షనే, చపాతీలు లేవు.

సామాను జూన్ 7న వచ్చింది. ప్యాకర్స్ వాళ్ళకి 26 వేలు, ఫోన్లో 21 అన్నారు, లారీ ఎక్కించాక బీరువా, వాషింగ్ మెషీన్ లెక్కలో లేవన్నారు. మొదట పంపిన కొటేషన్‌లో సామాన్ల జాబితా వాట్సాప్‌లో ఉంది కాబట్టి వెయ్యి తగ్గించగలిగాం. అపార్ట్‌మెంట్ వాళ్ళు లిఫ్టులో సామాను ఎక్కించనివ్వరు, మెట్ల మీదుగా మోయడానికి ఇంకో 2 వేలు. డైనింగ్ టేబుల్ గాజు ఒక మూల పెచ్చు ఊడింది. అత్తయ్యగారు ఆ మూలకి క్యాలెండరు కాగితం అంటించారు.

బాబు 12న బడికి వెళ్ళాడు. మావారి ఆఫీసు గవర్నర్‌పేటలో, బండి మీద పావుగంట. పడమటి గదికి ఏసీ బిగించడానికి ఓనరు గోడకి కన్నం పెట్టనివ్వటానికి ఒప్పుకున్నారు, మనిషిని ఆయనే పంపిస్తానన్నారు, వారమైంది. హైదరాబాదు ఓనరు నుంచి మాకు అడ్వాన్స్‌లో ఇంకా 12 వేలు రావాలి. పెయింటింగ్ ఖర్చు తేలాక వేస్తానంటున్నారు, ఆ ఇంట్లో మాత్రం ఇప్పటికే ఇంకో కుటుంబం దిగిందని పాత పక్కింటావిడ చెప్పింది.